లైన్ అకౌంట్, లైక్ అకౌంట్

మండల విలేకరికి జీతం ఉండదు. నెలలో అతను పంపినవాటిలో ఎన్ని వార్తలు అచ్చయ్యాయి, ఎంత పొడవున అచ్చయ్యాయి అని కొలిచి, దాన్నిబట్టి లెక్కగట్టి ఇస్తారు. పత్రికాఫీసుల్లో దాని పేరు లైన్ అకౌంట్. మహబూబ్‌నగర్ జిల్లా ఎడిషన్ డెస్కులో సబ్ ఎడిటర్‌గా ఉన్నన్నాళ్లూ ఈ లైన్ అకౌంట్ వార్తను ఏం చేస్తుందో రోజూ చూశాను. సర్పంచి మొక్క నాటితే చాలు, చివర్లో ‘ఈ కార్యక్రమంలో’ అంటూ పాతికమంది పేర్లు దిగేవి. మూడు పేర్లకు ఒక లైను. బోరుమోటారు ప్రారంభోత్సవానికి పది పేరాలు, అందులో మూడు ఎమ్మెల్యేగారి సేవల మీద. పాపం, విలేకరిని అనేదేముంది? పొడవును కొలిచి డబ్బిస్తే వార్త పొడుగవుతుంది. ఇంకోటి కొలిచి ఇచ్చి ఉంటే ఇంకోలా తయారయ్యేది.

అయితే అతని వార్తకూ అతని డబ్బుకూ మధ్యలో మేం కూర్చునేవాళ్లం. పాతిక పేర్లలో ఇరవై కొట్టేసేవాళ్లం. ‘ఎస్సై ఏమన్నాడు?’, ‘ఎమ్మార్వోతో మాట్లాడావా?’ అని ఫోన్లో సతాయించేవాళ్లం. డెస్కు అంటే విలేకరులకు చచ్చే చిరాకు. డెస్కులో ఉన్నవాళ్లంతా హరిశ్చంద్రులు కాదు, మా మీదా ఒత్తిళ్లుండేవి, ప్రకటనలిచ్చేవాళ్ల మొహమాటాలుండేవి. అవన్నీ పోగా మిగిలిన సంగతి ఒకటే: అచ్చయ్యాకే కొలత, కొలిచాకే డబ్బు. అచ్చు కావాలంటే ఎవరో ఒకరు చదవాలి.

ఇవాళ సోషల్ మీడియాలో అబద్ధాలెందుకు అంతగా తిరుగుతున్నాయి అనే చర్చ వచ్చినప్పుడల్లా జనం చదువుకోలేదనో, పార్టీల సోషల్ మీడియా విభాగాలు చెడిపోయాయనో, కుర్రాళ్లకు బాధ్యత లేదనో అంటుంటారు. ఇవన్నీ కొంతవరకు నిజాలే. నాకు మాత్రం ఎప్పుడూ ఆ లైన్ అకౌంట్ పుస్తకమే గుర్తొస్తుంది. సోషల్ మీడియాలోనూ ఏది కొలుస్తున్నారు, దేనికి ఇస్తున్నారు, ఎప్పుడు ఇస్తున్నారు అన్నది చూడకుండా మనుషుల బుద్ధుల గురించి మాట్లాడి లాభం లేదు.

2018 మే నెల సంగతి చెప్తాను. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని ఊళ్లకు ఊళ్లు కర్రలు పట్టుకుని రాత్రుళ్లు కాపలా కాసిన రోజులవి. పార్థీ గ్యాంగ్ అని కొందరు, బిహార్ గ్యాంగ్ అని కొందరు. వాట్సాప్‌లో వీడియోలు, వాయిస్ మెసేజ్‌లు. రాత్రి తొమ్మిదింటికి ఒక విలేకరి ఫోన్ చేశాడు. “సార్, పిలగాణ్ణి ఎత్తుకపోయిన్రంట. పెద్ద వార్త సార్, జాగ ఉంచున్రి.”

“పిల్లగాడి పేరేంది? తండ్రి పేరేంది?”

“మా ఊరు గాదు సార్, పక్కూరోళ్లంట.”

పక్క మండలం విలేకరికి చేశాం. అతనికీ కబురొచ్చింది, కానీ వాళ్ల ఊళ్లో కాదట, వాగవతల ఊళ్లోనట. వాగవతల అడిగితే జిల్లా సరిహద్దు అవతల అన్నారు. అలా అడుగుతూ పోతే పిల్లవాడు ఎక్కడా దొరకలేదు. ఏ స్టేషన్‌లోనూ ఫిర్యాదు లేదు. ఏ తల్లీ ఏడవలేదు. మా పేజీలో ‘వదంతులు నమ్మొద్దు’ అని సింగిల్ కాలమ్ వేశాం. దాన్ని ఎవరు చదివారో నాకు తెలియదు గానీ ఆ వీడియోను మాత్రం మా కాంటీన్ అబ్బాయి నుంచి మా ఇంటావిడ దాకా అందరూ చూశారు.

ఆ నెలలోనే నిజామాబాద్ జిల్లాలో, యాదాద్రి జిల్లాలో, హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఇవే అనుమానాలతో మనుషుల్ని కొట్టి చంపారు. చాంద్రాయణగుట్టలో చనిపోయింది ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ. జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడలో అయిదుగురిని చంపారు, అందరూ ఊరూరా తిరిగి అడుక్కుని బతికే సంచార కులంవాళ్లు. అప్పట్లో దేశమంతా తిరిగిన వీడియోల్లో ఒకటి, బైకు మీద వచ్చినవాళ్లు వీధిలో పిల్లవాణ్ణి ఎత్తుకుపోయేది, అసలు పాకిస్థాన్‌లోని కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం. చివర్లో పిల్లవాణ్ణి తిరిగి దింపేసే ముక్కను ఎవరో కత్తిరించేశారు.

ఆ వీడియో పంపినవాళ్లెవరికీ పైసా రాలేదు. ఇది గమనించాలి. మరి ఏమొచ్చింది? “నువ్వు చెప్పబట్టి జాగర్త పడ్డం” అనే మాట వచ్చింది. ఊళ్లో అందరికన్నా ముందు తెలిసినవాడనే పేరొచ్చింది. మనిషికి అది చిన్న సంపాదనేం కాదు. ఆ రోజుల్లో జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఈ సంగతి పట్టుకున్నారనిపిస్తుంది. ఊరికో పోలీసును అప్పగించి, డప్పులు కొట్టించి, పాటలు పాడించి, ఊరి మధ్యలోనే వదంతి గుట్టు విప్పించారు. ఆమె పరిధిలో నాలుగొందలకు పైగా గ్రామాలుంటే ఒక్క ప్రాణం పోలేదు. డప్పు ముందు నిలబడి ‘అది అబద్ధమంట’ అని చెప్పినవాడికి కూడా ఊళ్లో విలువ దొరికే ఏర్పాటు అది.

డబ్బు లేనిచోటే అలా ఉంటే, డబ్బూ వచ్చి కలిస్తే ఎలా ఉంటుందో మా మేనల్లుడి దగ్గర చూశాను. మా అక్క కొడుకు జడ్చర్లలో ఒక లోకల్ యూట్యూబ్ ఛానెల్ నడుపుతాడు. కెమెరా, మైకు, లోగో, రిపోర్టర్, ఎడిటర్, యాంకర్ అన్నీ తానే. డిగ్రీ చదివాడు, బుద్ధిమంతుడు. నేను డెస్కులో పనిచేసినవాణ్ణని కాస్త గౌరవం, కాస్త జాలి. యూట్యూబ్ స్టూడియో అనే యాప్ తెరిచి చూపించాడు. వీడియో పెట్టిన గంట నుంచే అది ర్యాంకు ఇస్తుంది: నీ చివరి పది వీడియోల్లో ఇది ఎన్నోది అని. బాదేపల్లి మార్కెట్‌లో వేరుశనగ, మక్కల ధరల మీద పొద్దున్నే పెట్టిన వీడియో ఉంది.

“జూడు మామా. పదిట్ల పది.”

“ఏం, ధర తప్పు జెప్పినవా?”

“తప్పు లేదు. సప్పగుంది.”

దాని కిందే ఇంకోటి. బస్టాండ్ దగ్గర ఇద్దరి కొట్లాట. అది పదిలో ఒకటి. ఒకటో ర్యాంకు వచ్చినప్పుడు తెర మీద రంగు కాగితాలు రాలతాయి, పెళ్లిలో పేలుస్తారే, అలాగ. మావాడికి ఆ కాగితాలు రాలడం చూస్తే మొహం వెలిగిపోతుంది, దాచుకోవడానికి ప్రయత్నిస్తాడు గానీ. నేను ముప్ఫై ఏళ్లు వార్తలు దిద్దాను, ఒక్కరోజూ నా పేజీ మీద ఎవరూ రంగు కాగితాలు చల్లలేదు. ఆ యాప్ మంచి చేసినా చల్లుతుంది, చెడు చేసినా చల్లుతుంది. దానికి కొట్లాటా ధరలూ ఒకటే. అది లెక్కబెట్టేది వేరు: థంబ్‌నెయిల్ చూసినవాళ్లలో ఎంతమంది నొక్కారు, నొక్కినవాళ్లు ఎంతసేపు ఉన్నారు. ఇప్పుడైతే ఒకే వీడియోకు మూడు థంబ్‌నెయిళ్లు పెడితే యూట్యూబే పోల్చి, ఏది జనాన్ని ఎక్కువసేపు కూర్చోబెడుతోందో చెప్తుంది. మూడింట్లో ఏది నిజం అనే గడి అందులో లేదు.

ఇక ఎర. 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణం, లేదంటే 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్. ఆ గీత దాటితేనే ప్రకటనల డబ్బులో వాటా. గీతకు ఇవతల ఉన్న కుర్రాడి తొందర ఎలా ఉంటుందో ఊహించుకోండి. 8 నిమిషాలు దాటిన వీడియో అయితే మధ్యలో కూడా ప్రకటనలు వేసుకోవచ్చు. ఒక్క వాక్యంలో అయిపోయే సంగతికి ‘చివరిదాకా చూడండి’ అంటూ ఎనిమిది నిమిషాలు ఎందుకు తిప్పుతారో ఇప్పుడు అర్థమైందా? మా మండల విలేకరి పాతికమంది పేర్లు ఎందుకు రాశాడో అందుకే. 2012 దాకా యూట్యూబ్ ఎక్కువగా నొక్కుళ్లనే లెక్కపెట్టేది. మోసపు థంబ్‌నెయిళ్లు ఎక్కువయ్యాయని ఆ ఏడాది వీక్షణ సమయానికి మారింది. సదుద్దేశమే. దానికీ మనవాళ్లు విరుగుడు కనిపెట్టారు.

తెలుగువాళ్లకు ఈ తంతు బాగా కనిపించేది చావు వార్తల్లో. 2023 మార్చిలో, ఉగాది ముందురోజు, కోట శ్రీనివాసరావు చనిపోయారని సోషల్ మీడియాలో పెట్టేశారు. ఇంటికి ఫోన్ల మీద ఫోన్లు. పోలీసులు కూడా వచ్చేశారు. చివరికి ఆయనే కెమెరా ముందు కూర్చుని, తాను బాగానే ఉన్నానని చెప్పుకోవాల్సి వచ్చింది. వందల సినిమాల్లో నటించిన మనిషి ఎనభై ఏళ్లు దాటాక తాను బతికే ఉన్నానని నిరూపించుకోవాల్సిన దృశ్యం అది. ఆయన పోయింది 2025 జులై 13న. ఆ మధ్యలో ఉన్న రెండేళ్ల పైచిలుకు కాలాన్ని ఎవరో కొన్ని వేల వ్యూస్ కోసం ముందే కొట్టేశారు. ఇందులో ఇంకో విచిత్రం చూడండి. ఇలాంటివి వేసే ఛానెల్‌కు ‘ఇక లేరు’ ఒక వీడియో. మర్నాడు ‘పుకార్లపై స్పందించిన నటుడు’ ఇంకో వీడియో. మా కాలంలో సవరణ వేయడమంటే పరువు పోయినట్టు. ఇక్కడ సవరణ కూడా బేరమే.

ఈ సంగతి మన ఊళ్లదే కాదని చదివేకొద్దీ తెలిసింది. 2016 అమెరికా ఎన్నికలప్పుడు మాసిడోనియాలోని వేలెస్ అనే చిన్న పట్నంలో కుర్రాళ్లు వందకు పైగా వెబ్‌సైట్లు నడిపారు. ట్రంప్ గెలిస్తే వాళ్లకేం ఒరగదు, ఓడితే పోయేదేం లేదు. ట్రంప్ అభిమానులు ఎక్కువగా నొక్కుతారు, నొక్కితే గూగుల్ ప్రకటనల డబ్బు వస్తుంది, అంతే. ఎంఐటీ పరిశోధకులు 2006 నుంచి 2017 దాకా ట్విటర్‌లో తిరిగిన దాదాపు 1,26,000 కథనాల దారులు లెక్కగట్టి 2018లో సైన్స్ పత్రికలో వేశారు. నిజం కన్నా అబద్ధాన్ని పదిమందికీ పంచే అవకాశం 70 శాతం ఎక్కువ. 1,500 మందికి చేరడానికి అబద్ధంతో పోలిస్తే నిజానికి ఆరు రెట్లు సమయం పట్టింది. యంత్రాల ఖాతాల పనేమోనని వాటిని తీసేసి చూసినా ఫలితం మారలేదు. పంచింది మనుషులే. కొత్తదనం ఎక్కువ కాబట్టి పంచారని వాళ్ల అంచనా. జడ్చర్లలో ‘సప్పగుంది’ అన్నదీ అదే.

ఫేస్‌బుక్ కథ ఇంకా తేటగా ఉంటుంది, ఎందుకంటే దాని లోపలి కాగితాలు 2021లో ఫ్రాన్సెస్ హాగెన్ అనే మాజీ ఉద్యోగి చేతుల మీదుగా బయటికొచ్చాయి. 2017 నుంచి ఆ కంపెనీ ఒక లైక్‌కు ఒక మార్కు వేస్తే కోపం బొమ్మకు అయిదు మార్కులు వేసింది. నవ్వుకూ ప్రేమకూ కూడా అయిదే అనుకోండి. జనానికి కోపం తెప్పించిన పోస్టుల్లోనే తప్పుడు సమాచారం ఎక్కువగా ఉంటోందని 2019లో వాళ్ల లెక్కల మనుషులే తేల్చారు. 2020 సెప్టెంబర్‌లో కోపానికి మార్కులు సున్నా చేశారు. చేశాక ఏమైంది? తప్పుడు సమాచారం తగ్గింది. జనం ఫేస్‌బుక్ వాడకం తగ్గలేదు. మధ్యలో పోయిన మూడేళ్లను ఎవరి ఖాతాలో రాయాలి? అవే కాగితాల్లో పోలండ్‌లోని ఒక పార్టీ గురించి ఉంది. కోపానికి మార్కులున్న రోజుల్లో, అల్గారిథం మారాక తమ పోస్టుల్లో ప్రతికూలమైనవాటి వాటాను సగం నుంచి 80 శాతానికి పెంచామని ఆ పార్టీ సోషల్ మీడియా మనుషులే చెప్పుకున్నారు. మన పార్టీల వార్ రూముల్లో ఇలాంటి లెక్క ఎవరూ బయటికి చెప్పరు. చెప్పకపోయినా ఫీడ్ చూస్తే తెలుస్తూనే ఉంది.

2019 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ పరిశోధకురాలో పరిశోధకుడో ఒకరు భారతదేశంలో ఒక ఉత్తుత్తి ఖాతా తెరిచారు. నియమం ఒకటే: ఫేస్‌బుక్ ఏది చూడమంటే అది చూడటం, ఏ గ్రూపులో చేరమంటే అందులో చేరడం. మూడు వారాలయ్యేసరికి, అదీ పుల్వామా దాడి జరిగిన రోజుల్లో, ఆ ఖాతా నిండా ద్వేషం, దొంగ ఫొటోలు, శవాలు. జీవితమంతా చూసినన్ని శవాల కన్నా ఎక్కువ ఈ మూడు వారాల్లో చూశానని ఆ వ్యక్తి నివేదికలో రాసుకున్నారు. ఆ ఖాతాకు ఏ పార్టీ అభిమానమూ లేదు. చెప్పినట్టు విన్నది, అంతే.

ఎవరి గూట్లో వాళ్లు తమ కూతే తాము వింటున్నారని అందరం అంటున్నాం. గూడు ఎలా కడతారో నేను మా పదో తరగతి బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో చూశాను. అక్కడ అల్గారిథం లేదు, ప్రకటనలు లేవు. మొదట్లో పాత ఫొటోలు, సార్ల జ్ఞాపకాలు, పిల్లల పెళ్లి కార్డులు. ఎన్నికలొచ్చాయి. బ్యాంకులో పనిచేసి రిటైరైన ఒక మిత్రుడు ఒక వరద వీడియో పెట్టాడు, ప్రభుత్వం ఎలా వదిలేసిందో చూడండి అంటూ. పెట్టిన పది నిమిషాల్లో బొటనవేళ్లు, చప్పట్లు, దండాలు వరసకట్టాయి. జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పే ఇంకో మిత్రుడు, మెత్తని మనిషి, “ఇది పాత వీడియో రా, మన రాష్ట్రంది గూడ కాదు” అని లింకు పెట్టాడు. దానికి ఒక్క బొటనవేలు రాలేదు. కాసేపటికి ఒక జవాబు వచ్చింది: “వీడియో పాతదైతే ఏంది, విషయం నిజమే కదా.” దానికి మళ్లీ చప్పట్లు.

ఇలా ఇంకో రెండుమూడు సార్లయ్యాక లెక్చరర్ మిత్రుడు సరిచేయడం మానేశాడు. తర్వాత ఒక పొద్దున ‘లెఫ్ట్’ అని కనిపించింది. ఆయన వెనకాలే ఇంకొందరు. వాళ్లంతా కలిసి వేరే గ్రూపు పెట్టుకున్నారు. అందులోనూ నేనున్నాను, అక్కడా పాత వీడియోలే, పార్టీ వేరు. బ్యాంకు మిత్రుడు చెడ్డవాడు కాదు, మా నాన్న పోయినప్పుడు రాత్రంతా పక్కన కూర్చున్నవాడు. పెట్టినప్పుడల్లా చప్పట్లు దొరికేచోట ఎవరైనా మళ్లీ పెడతారు. యేల్ పరిశోధకులు కోటీ 27 లక్షల ట్వీట్లు తిరగేసి 2021లో చెప్పింది ఇదే: ఆగ్రహం చూపించిన ట్వీట్‌కు లైకులూ రీట్వీట్లూ ఎక్కువొస్తే, ఆ మనిషి తర్వాతి ట్వీట్లలో ఇంకాస్త ఆగ్రహం పెరుగుతుంది. 2023లో ఇంకో అధ్యయనం వచ్చింది. పంచుకోవడం అలవాటుగా మారిన 15 శాతం మందే దొంగ వార్తల పంపిణీలో 30 నుంచి 40 శాతానికి కారణమట. వాళ్లు తెలివితక్కువవాళ్లు కారు, ముదిరిన పక్షపాతులూ కానక్కర్లేదు. వేలికి అలవాటైపోయింది. అదే అధ్యయనంలో, నిజమైనవి పంచినవాళ్లకు మార్కులు ఇవ్వడం మొదలుపెట్టేసరికి జనం నిజాలు పంచడానికి అలవాటుపడ్డారు, మార్కులు ఆపేశాక కూడా ఆ అలవాటు కొంత నిలిచింది. వేలు అదే, లెక్క మారింది.

గూడు బద్దలుకొట్టాలంటే అవతలివాళ్ల మాట చూపిస్తే సరిపోతుందని కొందరంటారు. అంత సులువు కాదు. 2018లో అచ్చయిన ఒక అధ్యయనం కోసం డ్యూక్ విశ్వవిద్యాలయం క్రిస్ బెయిల్ బృందం డబ్బిచ్చి మరీ జనానికి నెల రోజులు అవతలి పక్షం ట్వీట్లు చూపించింది. రిపబ్లికన్లు మెత్తబడకపోగా మరింత బిగుసుకున్నారు. ఆశ్చర్యమేముంది, గోడ దాటి ఇవతలికొచ్చేది అవతలివాళ్ల మంచిమాట కాదుగా. మన హీరోల అభిమానుల గొడవలు చూడండి. అవతలి హీరో అభిమానుల్లో అందరికన్నా బండబూతులు తిట్టినవాడి పోస్టే ఇవతలివాళ్ల ఫోన్లలో తిరుగుతుంది. దాన్ని చూపించి ‘వీళ్లంతా ఇంతే’ అంటారు. మర్యాదగా మాట్లాడినవాడు ఎవరి కంటా పడడు.

అల్గారిథం తీసేస్తే అంతా బాగైపోతుందని కూడా నేననను. 2020 అమెరికా ఎన్నికల సమయంలో ఫేస్‌బుక్ సొంతదారు మెటాతో కలిసి పరిశోధకులు కొందరి ఫేస్‌బుక్ ఫీడ్‌ను మూడు నెలలపాటు మామూలు వరసలోకి, అంటే ఎప్పుడు పెట్టింది అప్పుడే కనిపించేలా మార్చారు. వాళ్ల రాజకీయ అభిప్రాయాల్లో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. పైగా నమ్మదగని చోట్ల నుంచి వచ్చే సరుకు కాస్త పెరిగింది కూడా. పదేళ్లు మరిగిన అలవాటు మూడు నెలల్లో పోతుందా అని నా అనుమానం, అయినా ఆ ఫలితాన్ని పక్కనపెట్టి మాట్లాడటం న్యాయం కాదు.

మరి ఏం చేయాలి? ‘ఫార్వర్డ్ చేసేముందు ఆలోచించండి’ అనే పోస్టర్ నాకు ఎప్పుడూ నచ్చలేదు. జీతమిచ్చేవాణ్ణి వదిలేసి కూలివాడికి నీతి చెప్పినట్టుంటుంది. కేసులు పెట్టి లోపలెయ్యడం ఇంకా ప్రమాదం. మనదగ్గర ఏ పార్టీ అధికారంలో ఉంటే ఆ పార్టీని తిట్టిన పోస్టే ముందుగా ‘తప్పుడు సమాచారం’ అవుతుంది. తన వ్యవహారాల్లో ఏది నిజమో కేంద్ర ప్రభుత్వ ఫ్యాక్ట్ చెక్ యూనిట్ తేలుస్తుందన్న నిబంధనను బాంబే హైకోర్టు 2024 సెప్టెంబర్‌లో కొట్టేసింది. మంచి పనే చేసింది. హైదరాబాద్‌లో ఫ్యాక్ట్‌లీ, న్యూస్‌మీటర్ లాంటివి తెలుగులో ఓపిగ్గా నిజానిజాలు తేలుస్తున్నాయి. కాకపోతే వాళ్ల జవాబు చేరేసరికి అవతలివాడికి వ్యూస్ వచ్చేసి ఉంటాయి.

చిన్న మార్పులు పనిచేస్తాయని మాత్రం రుజువుంది. 2018లో ఆ హత్యల తర్వాత వాట్సాప్ మన దేశంలో ఒకేసారి అయిదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది. 2020 ఏప్రిల్‌లో, అప్పటికే చాలాసార్లు తిరిగిన మెసేజ్‌ను ఒకసారికి ఒక్క చాట్‌కే పంపేలా చేసింది. అలాంటి మెసేజ్‌లు 70 శాతం తగ్గాయని కంపెనీయే చెప్పింది. ఎవరి అభిప్రాయాన్నీ ఆపలేదు. ఎవరినీ అరెస్టు చేయలేదు. వేలికి కాస్త పని పెంచారు.

డబ్బు విషయంలో ఇంతకన్నా సులువైన దారుంది, అది ఈ కంపెనీలకు ముందే తెలుసు. 2023 అక్టోబర్‌లో ఎక్స్ (పాత ట్విటర్) ఒక నియమం పెట్టింది: వాడేవాళ్లే రాసే కమ్యూనిటీ నోట్స్ సరిదిద్దిన పోస్టుకు ప్రకటనల వాటా రాదు. ఆ కంపెనీ మిగతా వ్యవహారం మీద నాకు పెద్ద గౌరవం లేదు గానీ ఈ నియమం మంచిది. ఇక యూట్యూబ్. మావాడు ఒకసారి బతుకమ్మ సంబరాల వీడియోలో వెనకాల మైకులో వినిపించిన పాట ముక్కకు కంటెంట్ ఐడీ క్లెయిమ్ (కాపీరైట్ దావా) పడిందని లబోదిబోమన్నాడు. పాట హక్కుదారుతో పేచీ పెట్టుకుంటే, అది తేలేదాకా ఆ వీడియో మీద వచ్చే డబ్బును యూట్యూబ్ విడిగా పక్కన పెడుతుంది. తేలాక ఎవరికి రావాలో వాళ్లకిస్తుంది. అంటే వీడియో ఆపకుండా డబ్బు ఆపే యంత్రం ఇప్పటికే ఉంది, ఏళ్ల తరబడి నడుస్తోంది. పాటకుంది. బతికున్న మనిషిని చంపేసిన వీడియోకు లేదు. పాట వెనకాల సంగీత కంపెనీలున్నాయి, ఆ మనిషి వెనకాల ఎవరున్నారు?

పైగా ఆ డబ్బు అప్పటికప్పుడు చేతికి రాదు. ఒక నెల సంపాదన మరుసటి నెల 7 నుంచి 12 మధ్య ఖరారవుతుంది, 21 నుంచి 26 మధ్య బ్యాంకులో పడుతుంది. చూడటానికి, అడగటానికి, కనుక్కోవడానికి మధ్యలో అన్ని రోజులున్నాయి. 2024 డిసెంబర్‌లో భారతదేశంలో మోసపు శీర్షికలు, థంబ్‌నెయిళ్ల మీద గట్టిగా ఉంటామని యూట్యూబ్ ప్రకటించింది. మొదట్లో వీడియో తీసేస్తాం గానీ స్ట్రైక్ వేయం అంది. అప్పటిదాకా వచ్చిన డబ్బు మాటేమిటి? వీడియో తీసేస్తే కుర్రాడు ఇంకోటి పెడతాడు. డబ్బు ఆగితే ఆగుతాడు.

ఇదేదో అన్ని వాదాలకూ తీర్పు చెప్పమని అడగటం కాదు. ఏ ప్రాజెక్టు ఎవరు కట్టారు, ఏ పథకం ఎవరు తెచ్చారు అన్న పేచీల్లోకి యూట్యూబ్‌ను దూరనివ్వకూడదు, ఆ తగాదాలు మనమే పడాలి. చావు వార్తలతో మొదలుపెట్టమనండి, చాలు. పాటకు సంగీత కంపెనీ క్లెయిమ్ వేసినట్టే, చచ్చాడని ఎవరి గురించి వేశారో ఆ మనిషో ఆయన కొడుకో క్లెయిమ్ వేస్తారు, తేలేదాకా ఆ డబ్బు పక్కన ఉంటుంది. మనిషి బతికున్నాడా లేడా అన్నదానికి ఏ కమిటీ అక్కర్లేదు, ఒక ఫోన్ చాలు. తెలుగు ఛానెళ్ల మీద ఒక్క మూడు నెలలు ఇలా చేసి, ‘ఇక లేరు’ థంబ్‌నెయిళ్లలో ఎన్ని మిగిలాయో చూడమనండి. ఆ లెక్క బయట మనకు దొరకదు, వాళ్ల దగ్గర ఉంటుంది.